నోయిడా గర్జన, హుస్సేన్‌సాగర్ ఈల

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు జరిగిన ఫార్ములా వన్ రేసులను, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసును పక్కపక్కన పెడితే తేడా మొదట తెలిసేది చెవికే. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే ఆనాటి ఫార్ములా వన్ కారులోని 2.4 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను మోత పక్కటెముకలను అదిరిస్తుంది. విద్యుత్ కారుది సన్నని ఈల. మలుపులో టైర్ల కీచుమనడం కూడా విడిగా వినిపిస్తుంది. శబ్దం విషయంలో నా ఓటు నిస్సందేహంగా వి8కే.

ట్రాక్ విషయంలోనూ అంతే. 5.125 కిలోమీటర్ల బుద్ధ సర్క్యూట్‌లో కిలోమీటరుకు పైబడిన తిన్నని దారి, చక్కని ఎత్తుపల్లాలు ఉన్నాయి. సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ పక్కన నిత్యం వాహనాలు తిరిగే రోడ్లకు అడ్డుగోడలు పెట్టి మలిచిన 2.83 కిలోమీటర్ల మార్గం ఇరుకైనది.

పోటీ మాత్రం హైదరాబాద్‌లోనే రక్తి కట్టింది. నోయిడాలో మూడేళ్లూ జర్మన్ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌దే గెలుపు. 2013లో నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయమయ్యాక అతడు గ్రాండ్‌స్టాండ్ ఎదుట కారును గిరగిరా తిప్పి, దిగి, దానికి మోకరిల్లాడు (జరిమానా పడిందనుకోండి, అది వేరే సంగతి). హైదరాబాద్‌లో డ్రైవర్ వెర్న్, వెనుక ప్రత్యర్థి కాసిడీ అంటిపెట్టుకుని వస్తున్నా బ్యాటరీని పొదుపు చేసుకుంటూ, అర సెకను లోపు తేడాతో గట్టెక్కాడు. ఆనాటి జెన్3 (మూడో తరం ఫార్ములా ఈ) కారు వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. వేగాన్ని తగ్గించే మోటారే ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది కనుక, ఎక్కడ, ఎంత బ్రేకు వేయాలన్నది డ్రైవరుకు ఇంధనపు లెక్క కూడా అవుతుంది.