కర్నూలు ఫుట్‌బాల్ అభిమానులకు హెచ్చరిక: ‘మ్యాచ్ ప్యాకేజీ’ పేరుతో జరుగుతున్న వసూళ్లు

కర్నూలు నుంచి బెంగళూరు వెళ్లి ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి రావడానికి టికెట్టు, బస్సు, జెర్సీ అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తామంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్యాకేజీలను కొనదలచినవారు, డబ్బు పంపే ముందు దీన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. మాకు చెప్పిన ధర తలకు 2,199 రూపాయలు. చివరికి తేలినది 3,045 రూపాయలు. ఇంత పెట్టాక మా చేతికి వచ్చినవి మేము అడిగిన స్టాండు (ప్రేక్షకులు కూర్చునే గ్యాలరీ) టికెట్లు కావు, వాటిలోనూ రెండు గేటు దగ్గర చెల్లలేదు. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల ఆ ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు అమ్మే పద్ధతి తెలిస్తే, పేరు మార్చుకుని వచ్చినా పోల్చుకోవచ్చు.

ఇలాంటి ప్యాకేజీలకు మన ఊళ్లో గిరాకీ ఎందుకు పుట్టిందో ఇక్కడి అభిమానులకు తెలియనిది కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్నన్నాళ్లూ గచ్చిబౌలి బాలయోగి స్టేడియం మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉండేది కాబట్టి, మధ్యాహ్నం బస్సెక్కినవాడు రాత్రి మ్యాచ్ చూసుకుని తెల్లవారేలోగా ఇల్లు చేరేవాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ట్రోఫీ ఎత్తిన ఆ జట్టు, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. దానితో ఇప్పుడు మనకు దగ్గరి ఐఎస్‌ఎల్ మైదానం దాదాపు 360 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు కంఠీరవ స్టేడియమే అయింది. పైగా నిర్వహణ హక్కుల ఒప్పందం తెగక నెలల తరబడి ఆగిపోయిన లీగు, 2026 ఫిబ్రవరి 14న కుదించిన సీజన్‌గా మొదలై, ఒక్కో జట్టు మరో జట్టుతో ఒక్కసారే ఆడేలా నడిచింది. మ్యాచ్‌లు తగ్గాయి, దూరం పెరిగింది, ఆట మీద ప్రేమ మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ మూడూ బాగా ఎరిగినవాళ్లే మాకు ప్యాకేజీ అమ్మారు.

‘ఇంకా నాలుగే సీట్లు ఉన్నాయి’ అన్న సందేశంతో బేరం మొదలైంది. మరునాడు కూడా ఆ సీట్లు నాలుగే ఉన్నాయి, మేము అయిదుగురం కట్టిన తర్వాతా నాలుగే ఉన్నాయి. సొమ్ము పంపే ముందు ఏ స్టాండు, ఏమేమి కలుస్తాయి, ఇంకేమైనా కట్టాలా అని మేము రాతపూర్వకంగానే అడిగాము. ‘అన్నీ ఇందులోనే సార్’ అని రాతలోనే జవాబు వచ్చింది. ఆ తర్వాత చెల్లింపు లింకులో 150 రూపాయల బుకింగ్ ఫీజు, దాని కింద 18 శాతం జీఎస్టీ పేరుతో 396 రూపాయలు కనిపించాయి. మా అన్న కొడుకు పన్నెండేళ్లవాడు, వాడికి ధర తగ్గిస్తారా అని అడిగితే, సీటు ఎవరు కూర్చున్నా సీటే కదా అన్నారు. బిల్లు అడగగా వచ్చిన కాగితం మీద జీఎస్టీ అంకె ఉంది గానీ జీఎస్టీ నంబరు లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాడు కొనుగోలుదారు దగ్గర ఆ పన్ను వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాడి బిల్లు మీద 15 అక్షరాల నంబరు తప్పనిసరిగా ఉంటుంది, దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అది ఎవరి పేరున ఉందో అర నిమిషంలో తెలిసిపోతుంది. పన్ను పేరుతో కట్టిన ఆ 396 రూపాయలు ప్రభుత్వానికి చేరాయన్న నమ్మకం నాకైతే లేదు.

బస్సు బళ్లారి చౌరస్తాలో బయలుదేరి డోన్ చేరకముందే, అమకతాడు టోల్‌గేటు దాటగానే పక్కకు ఆగింది. డ్రైవరు దిగివచ్చి, చేతిలో ఉన్న చీటీ చూసుకుంటూ, “టోలు, నా బత్తా మీరే ఇచ్చుకోవాలని చెప్పినారు సార్, తలకు మూడు వందలు” అన్నాడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముందు కసేపల్లి, మరూరు, బాగేపల్లి టోల్‌గేట్లు ఉన్నాయి, సాయంత్రం మ్యాచ్ ఉంది, బస్సులో పిల్లలు ఉన్నారు, డ్రైవరు తానేమో రోజు కూలి మనిషి. అందరమూ ఇచ్చాము. ఇలాంటి వసూలును కర్నూలు దాటాకే మొదలుపెట్టడంలో వాళ్ల తెలివంతా ఉంది. ఊళ్లోనే అడిగి ఉంటే సగం మంది దిగిపోయేవాళ్లు.

టికెట్లు ఫోన్లకు వచ్చినది హిందూపురం వైపు వెళ్లే మలుపులు దాటిన తర్వాత, అదీ స్క్రీన్‌షాట్ల రూపంలో. ప్రతి టికెట్టు మీదా కింది వైపు, ధర ముద్రించి ఉండవలసిన చోట, ఎవరో ఫోన్‌లోనే గీసిన తెల్లటి పట్టీ అడ్డంగా ఉంది. ఒకదాని మీద ఆ పట్టీ సరిగా కప్పక రూపాయి గుర్తు సగం బయటికి కనిపిస్తోంది. కబ్బన్ పార్కు పక్కన గేటు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు మా ముందున్న బెంగళూరు కుర్రవాడు అదే స్టాండుకు తాను కొన్న టికెట్టు చూపించాడు. మాకు ఏజెన్సీ టికెట్టు వాటాగా లెక్క చెప్పిన సొమ్ములో అది మూడో వంతు కూడా లేదు. మేము అడిగినది ఒక స్టాండు, వచ్చినది గోలు వెనుక ఉన్న మరో స్టాండు. స్కానింగ్ యంత్రం ముందు మూడు టికెట్లకు పచ్చగా, మిగిలిన రెండింటికి ఎర్రగా వెలిగింది. ఆ క్యూఆర్ కోడ్‌లతో అంతకుముందే ఎవరో లోపలికి వెళ్లిపోయారని గేటు దగ్గరి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. అతని తప్పేమీ లేదు. చివరికి ఆ ఇద్దరికీ అక్కడికక్కడే ఫోన్‌లో మరో స్టాండు టికెట్లు కొన్నాము, దానివల్ల మా అన్న ఒక వైపు, వాడి కొడుకు మా వెంట ఇంకో వైపు కూర్చోవలసి వచ్చింది.

తిరిగి వచ్చాక డబ్బు అడిగితే దొరికిన జవాబు యథాతథంగా రాస్తున్నాను: “మ్యాచ్ చూసొచ్చినారు కదా సార్, ఇంక డబ్బులు ఎందుకిస్తాం?” ఆ తర్వాత తగ్గి, వచ్చే సీజన్ ప్యాకేజీలో పది శాతం తగ్గిస్తామన్నారు. అంటే, ఇంత జరిగినా మేము మళ్లీ వస్తామన్న ధీమా వాళ్లకు ఉంది.

ఈ ధీమా మన ఊరి ఏజెంటుతో మొదలైంది కాదు. ఫుట్‌బాల్ టికెట్టుకు ధర కట్టే పెద్ద పెద్ద సంస్థలు కూడా, ఎలాగూ వచ్చేవాడి దగ్గరే ఎక్కువ రాబట్టవచ్చు అన్న లెక్క మీదే నడుస్తున్నాయి. 2026 ప్రపంచ కప్పు కోసం ఉత్తర అమెరికా దేశాలు దరఖాస్తు చేసినప్పుడు 21 డాలర్ల నుంచి టికెట్లు ఉంటాయన్నారు. తీరా అమ్మకాలకు వచ్చేసరికి కనీస ధర 60 డాలర్లు అయింది, ఫైనల్ ఖరీదైన టికెట్టు మొదటి విడతలోనే 6,730 డాలర్లకు చేరింది, గిరాకీని బట్టి ధర మారే పద్ధతి వచ్చింది. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా సొంతంగా నడిపే, కొన్న టికెట్లను తిరిగి అమ్ముకునే వేదికలో అమ్మేవాడి దగ్గర 15 శాతం, కొనేవాడి దగ్గర 15 శాతం కమీషన్ పెట్టారు. అభిమాన సంఘాలు గట్టిగా అరిచాకే, 2025 డిసెంబరులో, తమ జట్టు వెంట తిరిగే అభిమానులకు ప్రతి మ్యాచ్‌కూ కొన్ని టికెట్లు 60 డాలర్లకు కేటాయించారు. గిరాకీ ధర పద్ధతిలో నమ్మకస్థుడే నష్టపోతాడనడానికి 2025 క్లబ్ ప్రపంచ కప్పు మంచి ఉదాహరణ. చెల్సీ, ఫ్లుమినెన్సె సెమీఫైనల్ సాధారణ టికెట్టు 473 డాలర్ల 90 సెంట్ల నుంచి, జనం రాక, మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందు 13 డాలర్ల 40 సెంట్లకు పడిపోయింది. ముందుగా, ప్రేమతో, సెలవు పెట్టుకుని కొన్నవాడు మొదటి ధర కట్టాడు. పట్టనివాడు చివర్లో వచ్చి రెండో ధర కట్టాడు.

పిల్లలకు రాయితీ తీసేసే విద్య కూడా కొత్తది కాదు. ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ 2024లో సీజన్ మధ్యలోనే, క్లబ్ సభ్యులకు అమ్మడానికి మిగిలి ఉన్న టికెట్లను పిల్లలకూ వృద్ధులకూ తేడా లేకుండా 66 పౌండ్లు చేసి నిరసన తెచ్చుకుంది. అయితే ఎదురు తిరిగితే ఫలితం ఉండదనీ అనుకోనక్కరలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం 77 పౌండ్ల టికెట్టు ప్రకటించగానే, ఆ క్లబ్ అభిమానులు ఒక మ్యాచ్ 77వ నిమిషంలో వేల సంఖ్యలో లేచి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకుంది. అదే ఏడాది నుంచి ప్రీమియర్ లీగులో బయటి ఊరి జట్టు అభిమానుల టికెట్టుకు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి అమలులో ఉంది. దూరం నుంచి వచ్చేవాడికి ప్రయాణ ఖర్చే బరువు కాబట్టి టికెట్టు దగ్గరైనా తగ్గించాలన్న ఆలోచన అది. కర్నూలు నుంచి వెళ్లే మనకు అది మరీ వర్తిస్తుంది, కానీ ఇక్కడ అడిగేవాడు లేడు. మన రాష్ట్రంలో సినిమా టికెట్టు ధర పెంచాలన్నా ప్రభుత్వం జీవో ఇవ్వవలసిందే, ఆట టికెట్టుకు ఆపాటి అడ్డు కూడా లేదు. 2025 డిసెంబరు 13న కోల్‌కతాలో మెస్సీ కోసం వేల రూపాయలు కట్టిన జనం, అతను కొద్దిసేపే ఉండి వెళ్లిపోవడంతో కుర్చీలు విరిచి సీసాలు విసిరే దాకా వెళ్లారు. విసరడం తప్పే, కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో మా బస్సులో ఉన్నవాళ్లకు అర్థమవుతుంది.

కాబట్టి కొనదలచినవారు మొట్టమొదట టికెట్టును ప్రయాణం నుంచి విడదీయండి. టికెట్టు క్లబ్ ప్రకటించిన అధికారిక వేదికలోనే, మీ ఫోన్ నంబరు మీదే కొనండి. బస్సు లేదా రైలు విడిగా చూసుకోండి, నలుగురు కలిసి కారు మాట్లాడుకున్నా మేము కట్టినదానికంటే తక్కువలోనే తేలుతుంది. ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపుతామంటే ఒప్పుకోవద్దు, ఒకే కోడ్‌ను పది మందికి పంపడానికి వాళ్లకు పట్టేది పది క్షణాలే. ప్యాకేజీయే కావాలనుకుంటే టోలు, బత్తా, పార్కింగు, పన్ను అన్నీ కలిపిన మొత్తం ఒకే అంకెగా రాయించుకోండి. వ్యాపారం పేరున కాక ఎవరో వ్యక్తి పేరున ఉన్న యూపీఐకి పంపమంటే అక్కడే ఆగండి, పంపినా యూటీఆర్ నంబరు (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) దాచుకోండి.

మొదట ఒక ధర చూపించి చివర్లో ఒక్కొక్కటిగా కలపడం, లేని తొందర పుట్టించడం, ఈ రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాడిని తప్పుదోవ పట్టించే అమ్మకపు ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధించిన పద్ధతులే. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వాడేసిన టికెట్టు అంటగట్టినట్టయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడివాడైనా, కొన్నవాడు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, గడువు రెండేళ్లు, ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో కూడా దాఖలు చేయవచ్చు. 1915లో మాకు ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు, డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

అందువల్ల కర్నూలు జిల్లా కమిషన్‌కు వెళ్లాలని నిర్ణయించాము. ఒకే రకంగా నష్టపోయినవారు కమిషన్ అనుమతితో ఉమ్మడిగా ఫిర్యాదు చేయడానికి చట్టంలో వీలుంది. ఆ బస్సులో వచ్చినవారు, అదే ప్యాకేజీని మరో మ్యాచ్‌కు కొన్నవారు ఆదివారం ఉదయం ఏడు గంటలకు అవుట్‌డోర్ స్టేడియం దగ్గరికి చెల్లింపు రసీదు, ఏజెన్సీతో జరిగిన వాట్సాప్ సంభాషణ, తెల్ల పట్టీ ఉన్న ఆ టికెట్టు ప్రింటు తీసుకుని రండి. ఫోన్‌లోంచి ఆ సందేశాలను దయచేసి అంతవరకు తొలగించవద్దు.