పెట్టె మీద 300 వాట్స్ చూసి కొన్నాను, మీరు కొనకండి

విజయవాడలో కారుకి స్టీరియో, స్పీకర్లు మార్పిద్దామనుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు ఇది ఒకసారి చదవండి. షాపు పేరు మాత్రం అడగొద్దు. పేరు రాస్తే ఆ ఒక్క షాపూ మానేసి పక్క షాపులో ఇదే వాట్స్ మాట నమ్మి కొనేస్తారు, ఎందుకంటే ఈ మాట అందరూ చెప్పేదే.

నాది సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. పాత సెట్టులో బ్లూటూత్ మొరాయిస్తోందని ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాను. షాపు కుర్రాడు ఆండ్రాయిడ్ సెట్టు చూపించాడు, పదమూడు వేలు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత మొదలెట్టాడు: "అన్నా, ఈ సెట్టు ఫిఫ్టీ ఇంటూ ఫోర్, అంటే రెండొందల వాట్స్. కంపెనీ స్పీకర్లు దీనికి ఆగవు, చిరిగిపోద్ది అట్ట. త్రీ హండ్రెడ్ వాట్స్ వేసుకో, అద్దాలు అదురుతాయి." గోడ మీద బోర్డుకి బిగించిన స్పీకర్లలో పాట పెట్టాడు. నిజంగానే ఛాతీకి తగిలింది దెబ్బ. ఆ బోర్డు కింద, కౌంటర్ లోపల చిన్న ఎర్ర లైటు వెలుగుతూ ఉంది, అదేంటో అడగాలని కూడా తోచలేదు. అది ఆంప్లిఫయర్, స్పీకర్లకి విడిగా పవర్ ఇచ్చే పెట్టె. బోర్డు మీద మోగింది ఆ ఆంప్ దయ వల్ల, నాకు అమ్మిన సెట్టు వల్ల కాదు. ముందు డోర్లకి విడి ట్వీటర్లు (సన్నని శబ్దాలు పలికే బుల్లి స్పీకర్లు) ఉన్న జత ఆరున్నర వేలు. కంపెనీ స్పీకర్ల జత నాలుగు వందలకి తీసేసుకున్నాడు, అదో మేలు చేసినట్టు. ఇప్పటికీ నాకు బాధేసేది దానికే.

ఇంటికొచ్చేదాకా బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ బ్లోవర్ చప్పుడు తప్ప పాట సరిగ్గా వినపడలేదు. వాల్యూమ్ నలభైలో పది పెడితే గుసగుస, ఇరవై పెడితే ఫరవాలేదు, ఇరవై ఎనిమిది దాటితే "స" అక్షరం వచ్చినచోటల్లా తడి పెనం మీద నూనె పోసినట్టు చిటపట. మళ్లీ వెళ్తే "కొత్త స్పీకర్ కదన్నా, వారం మోగితే ఫ్రీ అవుద్ది" అన్నాడు. వారం ఆగాను. ఫ్రీ కాలేదు. రెండోసారి వెళ్తే "వెనక ట్రేలో ఓవల్ పడితే సెట్ అయిపోద్ది" అని ఇంకో నాలుగు వేల రెండొందలు. వెనక డోర్లలో కంపెనీ స్పీకర్లు ఉన్నాయిగా, వాటి వైర్లకే ఓవల్ వైర్లు కూడా మెలిపెట్టి టేపు చుట్టేశాడు. పదిహేను నిమిషాల పని. నేను పక్కనే నిలబడి టీ తాగుతూ చూశాను కూడా.

మే నెలలో గుంటూరులో చుట్టాల పెళ్లి. మన ఎండలు తెలిసినవే. వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్ గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అడిగిన ఘంటసాల పాట మధ్యలో సెట్టు ఆగిపోయింది. రెండు నిమిషాలకి దానంతటదే వచ్చింది, మళ్లీ పోయింది. ముట్టుకుంటే ముందు భాగం కూడా వేడి. "ఆ పెట్టె కట్టేసి రోడ్డు చూసి నడపరా" అంది అమ్మ. నా తిప్పలు నావి, ఒకటే టెన్షన్, మంటలొస్తాయేమోనని. తిరుగు ప్రయాణంలో ఎడమ ట్వీటర్ మూగబోయింది.

షాపులో మూడోసారి సమాధానం: "మీరు సౌండ్ ఎక్కువ పెట్టుంటారు, కాలిపోయినదానికి వారంటీ రాదు." ముందు అన్న, ఇప్పుడు మీరు. బిల్లు అంటే ఒక ఎస్టిమేట్ చీటీ, దాని మీద "స్పీకర్ 1 సెట్" అని, మోడల్ లేదు, జీఎస్టీ లేదు.

ఆటోనగర్‌లో కారు ఎలక్ట్రికల్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే గంటలో మొత్తం బయటపడింది. ఆయన ముందు సెట్టు బయటికి లాగి వెనక చూపించాడు. పది ఆంపియర్ల ఫ్యూజు. "ఇంజిన్ నడుస్తుంటే పద్నాలుగు చిల్లర వోల్టులు. పదితో గుణించు అబ్బాయ్." 14.4 ఇంటూ 10, నూట నలభై నాలుగు వాట్లు, అదీ సెట్టు మొత్తం లాగగలిగింది, అందులో చాలా భాగం వేడిగా పోతుంది. మరి రెండొందల వాట్లు స్పీకర్లకి ఎక్కణ్నించి వస్తాయి? 50 ఇంటూ 4 అనేది క్షణకాలం ఎగిరే లెక్క. ఇలాంటి సెట్టు ఒక్కో స్పీకర్‌కి నిలకడగా, చిటపట లేకుండా ఇచ్చేది పదిహేను నుంచి ఇరవై వాట్లు, అంతే. పేరున్న సెట్టయినా డ్యాష్‌బోర్డులో దూరే మామూలుది దాదాపు ఇంతే ఇస్తుంది, ఎందుకంటే కారులో వచ్చే వోల్టులే అంత. కంపెనీవాళ్లు నిజం రాస్తే దాన్ని ఆర్‌ఎంఎస్ అని రాస్తారు. సీటీఏ-2006 అనే కొలత ప్రమాణం పేరు కనిపిస్తే ఇంకా మంచిది, అది 14.4 వోల్టుల దగ్గర, ఒక శాతం మించని డిస్టార్షన్‌తో (శబ్దం చెడిపోవడం) కొలిచిన లెక్క.

ఇక స్పీకర్ పెట్టె మీది 300. అది సౌండ్ లెక్క కాదు, ఎంత పవర్ పంపితే తట్టుకుంటుందో చెప్పే లెక్క, అదీ పీక్, అంటే క్షణకాలం తట్టుకునేది. పెద్దాయన మాట: "అర హెచ్‌పీ మోటారుకి ఐదు హెచ్‌పీ పైపు తగిలిస్తే ధార పెరుగుద్దా?" పైగా అంత తట్టుకునేలా కట్టిన స్పీకర్‌లో కోను, అంటే కదిలే అట్ట, బరువుగా ఉండొచ్చు, పదిహేను వాట్లకి అది బద్ధకంగా కదులుతుంది. నాకు దాని పెట్టె మీద 86 డీబీ అని ఉంది, ఆ అంకె ఏంటో ఎవడు చూశాడు. అదే సెన్సిటివిటీ, ఒక వాట్ ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో (డీబీ) చెప్పే అంకె. మూడు డీబీ తేడా అంటే పవర్ రెట్టింపు కావాలి, ఆరు అంటే నాలుగు రెట్లు. 92 డీబీ స్పీకర్ పదిహేను వాట్లతో ఎంత మోగుతుందో అంత మోగడానికి నా 86కి అరవై వాట్లు కావాలి. సెట్టు దగ్గర లేవు. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది, కొన్ని పెట్టెల మీద ఒక వాట్ బదులు 2.83 వోల్ట్స్ దగ్గర అని రాస్తారు. నాలుగు ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు లెక్క) స్పీకర్‌కి అది రెండు వాట్లు. కాబట్టి ఆ అంకెలోంచి మూడు తీసేసి పోల్చుకోవాలి.

మరి ట్వీటర్ ఎందుకు కాలింది? తక్కువ పవర్ సెట్టుని దాని శక్తికి మించి తిప్పాను కాబట్టి. అప్పుడు సౌండ్ తరంగం కొసలు కత్తిరించినట్టు చదును అవుతాయి, ఆ చిటపట అంతా పైస్థాయి శబ్దంగా ట్వీటర్ మీద పడుతుంది, దాని తీగ వెంట్రుకంత. కుర్రాడు "సౌండ్ ఎక్కువ పెట్టారు" అన్నది ఒకరకంగా నిజమే, కానీ అంత పెట్టాల్సి వచ్చేలా అమ్మింది ఎవరు?

వెనక సంగతి ఇంకా ఘోరం. సెట్టు స్టిక్కర్ మీద 4-8 ఓమ్స్ అని స్పష్టంగా ఉంది, అంటే నాలుగుకి తగ్గకూడదు. ఒకే లైనుకి రెండు నాలుగు ఓమ్స్ స్పీకర్లు పక్కపక్కన కలిపితే రెండు ఓమ్స్ అవుతుంది. మీటర్ పెడితే 1.8 చూపించింది. ఒకదాన్ని విప్పేస్తే 3.6. నాలుగు ఓమ్స్ స్పీకర్‌కి మీటర్‌లో కాస్త తక్కువే చూపిస్తుంది, కంగారుపడకండి. సగం ఓమ్స్ అయ్యేసరికి సెట్టు రెట్టింపు కరెంటు లాగుతూ, వేడెక్కి, తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. కాజ దగ్గర జరిగింది అదే. విడిగా అమ్మే స్పీకర్లలోనే మూడు ఓమ్స్‌వి, రెండు ఓమ్స్‌వి కూడా ఉంటాయి, వెనక్కి తిప్పి చూసుకోండి.

చివర్లో ఆయన గోడ గడియారం సెల్లు ఒకటి తీసి స్పీకర్ వైర్లకి క్షణం తాకించాడు. కుడి డోర్ కోను టప్పున బయటికి వచ్చింది, ఎడమది లోపలికి పోయింది. అంటే ఎడమ వైపు ప్లస్ మైనస్ తిరగేసి కట్టారు, రెండూ ఒకదాని బేస్‌ని ఒకటి తినేస్తున్నాయి. ఇన్నాళ్లూ నేను ఈక్వలైజర్‌లో బేస్ పెంచుకుంటూ కూర్చున్నాను! ఈ పరీక్ష ఇంట్లో మీరూ చేయొచ్చు, కానీ సెట్టు నుంచి వైర్లు పీకేశాకే, ఒక్క 1.5 వోల్టుల సెల్లుతో, తాకించి తీసేయాలి. ట్వీటర్ వైర్లకి మాత్రం వద్దు.

కాబట్టి ఆంప్ పెట్టే ఉద్దేశం లేకపోతే షాపులో అడగాల్సింది వాట్స్ కాదు. సెన్సిటివిటీ ఒక వాట్ దగ్గర తొంభై పైన ఉండాలి, నాలుగు ఓమ్స్ ఉండాలి, ఆర్‌ఎంఎస్ నలభై యాభై ఉంటే చాలు. బోర్డు మీద కాదు, అదే సెట్టుకి నేరుగా తగిలించి వినిపించమనండి, వాడు నసిగాడంటే అర్థమైపోతుంది. మీ కారుకి సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గు) వేయమనండి, ఒరిజినల్ వైర్లు కోయనివ్వొద్దు. తీసేసిన స్పీకర్లు ఇంటికి తెచ్చుకోండి. మోడల్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు, నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామని కూర్చుంటే చేతిలో ఉన్నది ఆ చీటీ ఒక్కటే.

ఇప్పుడు ముందు 92 డీబీవి వేయించాను, మూడు వేల రెండొందలు, పెద్దాయన కూలి ఆరొందలు. ఓవల్ పీకేశాం. సెట్టు అదే, వాల్యూమ్ పద్దెనిమిది దగ్గర అమ్మ "తగ్గించరా" అంటోంది. మూడొందల వాట్స్ జత అటక మీద ఉంది, ఎడమ ట్వీటర్ పనిచేయదు, ఆంప్ ఉన్నవాళ్లు ఎవరైనా పటమట వైపు వస్తే సగం ధరకి ఇస్తాను, బిల్లు మాత్రం అడగొద్దు.