డీఎల్ఎల్ మిస్సింగ్ అంటే ఏది మేలు: ఒక్క ఫైలా, రన్‌టైమ్ ప్యాకేజీయా, వెరిఫై చేయడమా, ఫార్మాట్ కొట్టించడమా?

కొత్తగా వేసుకున్న గేమ్‌ను తెరవగానే, ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ దొరకలేదు కనుక ముందుకు సాగడం కుదరదనీ, ప్రోగ్రామును మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరవచ్చనీ విండోస్ ఒక చిన్న పెట్టెలో చెబుతుంది. ఆ పెట్టెలో ఓకే తప్ప నొక్కడానికి మరేమీ ఉండదు. అక్కడి నుంచి జనం పట్టే దారులు ప్రధానంగా నాలుగు. ఆ పేరుతో ఉన్న ఒక్క ఫైల్‌ను నెట్‌లో వెతికి తెచ్చి సిస్టమ్32 ఫోల్డర్‌లో వేసేవారు కొందరు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే రన్‌టైమ్ ప్యాకేజీని, అంటే ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఇలాంటి ఫైళ్ళ కట్టను, ఇన్‌స్టాల్ చేసేవారు కొందరు. గేమ్‌లను అమ్మి, నడిపించే స్టీమ్ వంటి లాంచర్‌తో గేమ్ ఫైళ్ళను వెరిఫై చేయించేవారు మరికొందరు. ఏదీ తోచక గేమ్‌నో, ఏకంగా విండోస్‌నో తీసేసి మళ్ళీ వేసేవారు ఇంకొందరు. వీటిలో ఏది మేలన్నది ఆ పెట్టెలో కనిపించిన ఫైల్ పేరును బట్టి తేలుతుంది. మొదటి దారి మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పే.

డీఎల్ఎల్ అంటే పలు ప్రోగ్రాములు పంచుకోగలిగే కోడ్ ఉన్న ఫైల్. గేమ్ మొదలయ్యేటప్పుడు తనకు కావలసిన డీఎల్ఎల్‌లను పేరు పెట్టి అడుగుతుంది. మామూలుగా విండోస్ వాటిని ముందు గేమ్ ఉన్న ఫోల్డర్‌లోనూ, అక్కడ లేకపోతే తన సిస్టమ్ ఫోల్డర్లలోనూ వెతుకుతుంది. పేరు చూస్తే ఆ ఫైల్ ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140, వీసీరన్‌టైమ్140_1 అనేవి ప్రోగ్రాములు తయారుచేసే సాధనమైన మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్‌కు చెందినవి. డీ3డీఎక్స్9_43, ఎక్స్‌ఇన్‌పుట్1_3, ఎక్స్3డీఆడియో1_7 అనేవి గేమ్‌ల బొమ్మలకూ, ధ్వనికీ తోడ్పడే మైక్రోసాఫ్ట్ డైరెక్ట్ఎక్స్ తాలూకు పాత సహాయక ఫైళ్ళు. బింక్‌డబ్ల్యూ32, ఎంఎస్ఎస్32, స్టీమ్_ఏపీఐ64 వంటివి గేమ్‌తో పాటే వచ్చి గేమ్ ఫోల్డర్‌లోనే ఉండవలసినవి. ఏపీఐ-ఎంఎస్-విన్ అని మొదలయ్యేవి విండోస్‌వి.

ఒక్క ఫైల్ తెచ్చుకునే దారికి అంత గిరాకీ ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఫైల్ పేరు వెతకగానే పై వరుసలో వచ్చేవి ఆ సైట్లే. ఫైల్ సైజు చూస్తే కొన్ని వందల కేబీలు. కాపీ, పేస్ట్ తప్ప చేయవలసింది ఏమీ లేదు. ఎర్రర్‌లో ఒక్క పేరే ఉంది కనుక లోటు కూడా ఒక్కటే అనిపిస్తుంది. నిజానికి విండోస్ మొదట దొరకని పేరు దగ్గరే ఆగిపోవచ్చు. ఎంఎస్‌వీసీపీ140 తెచ్చి పెట్టాక వీసీరన్‌టైమ్140 లేదంటుంది, అది పెట్టాక వీసీరన్‌టైమ్140_1 లేదంటుంది.

అంతకన్నా చిక్కైనది 32 బిట్, 64 బిట్ తేడా. ప్రోగ్రాములు ఈ రెండు రకాల్లో వస్తాయి, ఒక రకం ప్రోగ్రాము రెండో రకం డీఎల్ఎల్‌ను వాడుకోలేదు. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్ళు. 32 బిట్ ఫైళ్ళు సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పేర్లు చూస్తే సరిగ్గా తలకిందులుగా అనిపిస్తుంది, ఎంతోమంది పొరబడేది ఇక్కడే. 32 బిట్ గేమ్‌కు కావలసిన ఫైల్‌ను సిస్టమ్32లో వేస్తే గేమ్‌కు అది కనబడనే కనబడదు. 64 బిట్ గేమ్ ఫోల్డర్‌లో 32 బిట్ ఫైల్ పెడితే డీఎల్ఎల్ మిస్సింగ్ పోయి, దాని స్థానంలో 0ఎక్స్‌సీ000007బీ అనే సంఖ్యతో అప్లికేషన్ సరిగా మొదలుకాలేదన్న కొత్త ఎర్రర్ వస్తుంది. చాలా వీడియోల్లో ఆ తరువాత రెగ్‌ఎస్‌వీఆర్32 అనే ఆదేశంతో ఫైల్‌ను రిజిస్టర్ చేయమంటారు. అది కామ్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో రాసిన డీఎల్ఎల్‌లకు ఉద్దేశించినది. ఈ రన్‌టైమ్ ఫైళ్ళకు రిజిస్టర్ కావడమనేదే లేదు, అందుకే ఎంట్రీ పాయింట్ దొరకలేదని అది మొరాయిస్తుంది.

ఇక భద్రత సంగతి. డీఎల్ఎల్ గేమ్‌లో భాగంగా, మీ యూజర్ ఖాతాకు ఉన్న అన్ని అధికారాలతోనూ నడుస్తుంది. ఎవరు ఎక్కించారో తెలియని ఫైల్‌ను అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇచ్చి మరీ సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడమంటే, అపరిచితుడికి ఇంటి తాళం చెవి ఇచ్చి బయటికి వెళ్ళడమే. ఫైల్ అసలైనదే అయినా పాతది కావచ్చు. విజువల్ స్టూడియో 2022లోని 17.10 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ చేసిన ఒక మార్పు వల్ల, ఆ తరువాతి కంపైలర్‌తో (కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే సాధనంతో) తయారైన ప్రోగ్రాములు పాత ఎంఎస్‌వీసీపీ140 ఎదురైతే మొదలవుతూనే క్రాష్ కావచ్చు. గేమ్ ఫోల్డర్‌లో చేత్తో వేసిన ఫైల్‌ను విండోస్ అప్‌డేట్ గానీ, రన్‌టైమ్ ఇన్‌స్టాలర్ గానీ తాకవు కనుక అలాంటి పాత ఫైల్ ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

రెండో దారి, అంటే రన్‌టైమ్ ప్యాకేజీ, ఈ చిక్కులన్నిటినీ ఒకేసారి తీరుస్తుంది. 140 అంకె ఉన్న ఫైళ్ళకు 2015 నుంచి 2022 వరకు వచ్చిన విజువల్ సీ ప్లస్ ప్లస్ వెర్షన్లన్నిటికీ కలిపి ఒకే ప్యాకేజీ ఉంది. ఫైల్ పేరులో 120 ఉంటే 2013 ప్యాకేజీ, 110 ఉంటే 2012 ప్యాకేజీ, 100 ఉంటే 2010 ప్యాకేజీ కావాలి. ఇవి దేనికది వేరు, కొత్తది ఉన్నంత మాత్రాన పాతది అక్కర్లేకుండా పోదు. కంప్యూటర్ 64 బిట్‌దే అయినా ఎక్స్64 (64 బిట్), ఎక్స్86 (32 బిట్) రెండూ వేసుకోవాలి, ఎందుకంటే పాత గేమ్‌లలో చాలావరకు 32 బిట్‌వి. 2015–2022 ప్యాకేజీలో ఆ రెండూ కలిపినా 50 ఎంబీ దాటవు. ఇన్‌స్టాల్ చేయబోతే 0ఎక్స్80070666 అని వస్తే అంతకన్నా కొత్త వెర్షన్ ఇప్పటికే ఉందని అర్థం. అప్పుడు యాప్‌ల జాబితాలో దాని దగ్గరికి వెళ్ళి మాడిఫై నొక్కి, రిపేర్ ఎంచుకోవాలి. అదే జాబితాలో మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే పేరు పదిసార్లు కనబడుతోందని, చెత్త పేరుకుపోయిందనుకుని తీసేసేవారున్నారు. డీఎల్ఎల్ మిస్సింగ్‌ను కోరి తెచ్చుకోవడానికి అంతకన్నా సులువైన మార్గం లేదు.

డైరెక్ట్ఎక్స్ విషయం ఇంకాస్త తికమకగా ఉంటుంది. డైరెక్ట్ఎక్స్ వివరాలు చూపే డీఎక్స్‌డయాగ్ తెరిస్తే డైరెక్ట్ఎక్స్ 12 ఉన్నట్టు చూపిస్తుంది, గేమ్ మాత్రం డీ3డీఎక్స్9_43 లేదంటుంది, రెండూ నిజమే. పాత గేమ్‌లు వాడుకునే డీ3డీఎక్స్ అనే సహాయక లైబ్రరీ విండోస్ 10, 11లతో రాదు. దాని కోసం మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో విడుదల చేసిన డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ వేసుకోవాలి. పాతది వేస్తే కొత్తది చెడిపోతుందని జంకవలసిన పనిలేదు, అది లేని ఫైళ్ళను చేరుస్తుందే తప్ప 12ను కదిలించదు. అయితే దాని పూర్తి ప్యాకేజీని తెరిచినప్పుడు ఏ ఫోల్డర్‌లో విప్పాలని అడుగుతుంది. ఫోల్డర్ చూపించాక పని అయిపోయిందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి అప్పటికి ఇన్‌స్టాల్ మొదలే కాలేదు. విప్పిన ఫోల్డర్‌లోకి వెళ్ళి డీఎక్స్‌సెటప్‌ను నడిపితేనే ఫైళ్ళు చేరవలసిన చోటికి చేరతాయి. స్టీమ్ గేమ్ అయితే డౌన్‌లోడ్ కూడా అవసరం పడకపోవచ్చు. చాలా గేమ్‌ల ఫోల్డర్లలో _కామన్‌రీడిస్ట్ అనే ఫోల్డర్ ఒకటి ఉండి, ఆ గేమ్‌కు కావలసిన డైరెక్ట్ఎక్స్, వీసీరీడిస్ట్ (విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్) ఇన్‌స్టాలర్లు అందులోనే దొరుకుతాయి.

లోపించిన ఫైల్ గేమ్‌దే అయినప్పుడు రన్‌టైమ్‌లు ఎన్ని వేసినా ఫలితం ఉండదు. అక్కడ వెరిఫై చేయడమే మేలు. స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ దగ్గర వెరిఫై నొక్కితే, ఉండవలసిన ఫైళ్ళన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసి, పోయినవాటిని, చెడినవాటిని మాత్రమే తిరిగి దించుకుంటుంది. ఎపిక్‌లోనూ, గాగ్ గెలాక్సీలోనూ ఇదే సదుపాయం ఉంది. హార్డ్ డిస్క్ పాతదైతే సమయం పడుతుంది, డేటా మాత్రం స్వల్పంగానే ఖర్చవుతుంది. మాడ్‌లు, అంటే గేమ్‌ను మార్చే ఇతరుల ఫైళ్ళు, వేసుకున్నవారు ముందుగా బ్యాకప్ తీసుకోవాలి, ఎందుకంటే మార్చిన ఫైళ్ళు మళ్ళీ మొదటి స్థితికి వచ్చేస్తాయి.

వెరిఫై చేశాక వచ్చిన ఫైల్ మళ్ళీ మాయమైతే అది యాంటీవైరస్ పని అయి ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలోని ప్రొటెక్షన్ హిస్టరీలో దాని పేరు కనిపిస్తుంది, కొనుక్కున్న గేమ్ అయితే అక్కడి నుంచే రీస్టోర్ చేసుకోవచ్చు. రీప్యాక్‌ల, అంటే కొనకుండా నెట్‌లో దించుకునే పైరేటెడ్ గేమ్‌ల, సంగతి వేరు. వాటిలోని స్టీమ్_ఏపీఐ64 లాంటి ఫైళ్ళు ఎవరో మార్చినవి. అందుకే యాంటీవైరస్ వాటిని పట్టుకుంటుంది, అందుకే ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమని వాటితో వచ్చే సూచనల్లో ఉంటుంది. ఆ సలహా పాటించమని నేను చెప్పలేను. స్టీమ్‌లో ధరలు 2015 నుంచి రూపాయల్లోనే ఉన్నాయి, పాత గేమ్‌లు సేల్‌లో తక్కువకే దొరుకుతాయి.

మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని ఎర్రర్ పెట్టెలోనే ఉంది కదా అని గేమ్‌ను తీసేయడం తప్పు కాదు గానీ దండగ. ఒక్కోసారి అది పనిచేసేది కూడా, మొదటిసారి నడిచేటప్పుడు ఆ రన్‌టైమ్ ఇన్‌స్టాలర్లు మళ్ళీ నడుస్తాయి కనుకనే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటి గేమ్‌కు 150 జీబీ చోటు కావాలి. రోజుకింత అని లెక్కపెట్టి ఇచ్చే మొబైల్ డేటాతో దాన్ని రెండోసారి దించుకోవడం అయ్యే పని కాదు. ఇక ఫార్మాట్ కొట్టించడం. కంప్యూటర్ షాపుల్లో ఏ సమస్యకైనా ముందు వచ్చే సలహా ఇదే. కానీ కొత్తగా వేసిన విండోస్‌లో అంతకుముందు గేమ్‌లూ, సాఫ్ట్‌వేర్లూ ఒక్కొక్కటిగా చేర్చిన రన్‌టైమ్‌లేవీ ఉండవు కనుక, ఫార్మాట్ తరువాత అదే ఎర్రర్ ఒక గేమ్‌కు బదులు నాలుగు గేమ్‌లకు రావచ్చు. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆదేశం కూడా విండోస్ సొంత ఫైళ్ళను బాగుచేస్తుందే తప్ప, విండోస్‌తో రాని డీ3డీఎక్స్9_43ను ఎక్కడినుంచో తెచ్చిపెట్టదు.

ఈ నాలుగింటికీ లొంగనివి కొన్ని ఉన్నాయి. ఎంఎఫ్‌ప్లాట్ అనే ఫైల్ లేదంటే మీ కంప్యూటర్‌లో ఉన్నది మీడియా సదుపాయాలు లేకుండా వచ్చే విండోస్ ఎన్ ఎడిషన్ అయి ఉండవచ్చు, దానికి మీడియా ఫీచర్ ప్యాక్ చేర్చాలి. జీటీఏ 4 పాత కాపీ ఎక్స్‌లైవ్ లేదంటే అది గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే సేవ తాలూకు ఫైల్. 2020లో స్టీమ్‌లో వచ్చిన కంప్లీట్ ఎడిషన్‌లో ఆ సేవనే తొలగించారు కనుక కొనుక్కున్నవారు గేమ్‌ను అప్‌డేట్ చేసుకుంటే సరిపోతుంది. విండోస్ 7లో ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని వస్తే కేబీ2999226 అప్‌డేట్ వేసుకోవచ్చు, కానీ 2024 జనవరి 1 నుంచి స్టీమే విండోస్ 7కు మద్దతు ఆపేసింది కనుక అక్కడ ఓపిక వెచ్చించడం కన్నా విండోస్ మార్చుకోవడమే నయం.

ఇప్పటికే మొదటి దారి పట్టి ఫైల్ తెచ్చి పెట్టుకున్నవారు ప్యాకేజీ వేసుకునే ముందు గేమ్ ఫోల్డర్‌లోని ఆ ఫైల్‌ను తీసేయాలి, లేకపోతే విండోస్ ముందు దాన్నే పట్టుకుంటుంది. సిస్టమ్32లో, సిస్‌వావ్64లో వేసినవాటిని మాత్రం చేత్తో తీసేయకుండా, ప్యాకేజీ వేసి, ఒకసారి రిపేర్ కూడా చేసి, ఆపై ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోని డిజిటల్ సిగ్నేచర్స్ దగ్గర మైక్రోసాఫ్ట్ పేరు ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ మైక్రోసాఫ్ట్ సంతకం లేకపోతే గేమ్ సంగతి పక్కనపెట్టి ముందు పూర్తి యాంటీవైరస్ స్కాన్ నడపాలి.