రైల్లో వినదగ్గ బీబీసీ పాడ్‌కాస్టులు

విజయనగరంలో ఎక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగేలోపు దాదాపు రెండు ఎపిసోడ్లు అవుతాయి. ముందు బీబీసీ వరల్డ్ సర్వీస్ ‘క్రౌడ్‌సైన్స్’ వినండి. శ్రోత పంపిన ఒక్క ప్రశ్న పట్టుకుని శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్తారు. తేలని సంగతిని తేలలేదనే చెబుతారు, అదే దాని గొప్ప. ‘ది ఫుడ్ చైన్’లో వంటలు నేర్పరు, తిండి వెనకున్న వ్యాపారం, శాస్త్రం విప్పి చెబుతారు. టెక్నాలజీకి ‘టెక్ లైఫ్’ చాలు. ‘వరల్డ్ బుక్ క్లబ్’ మాత్రం పుస్తకం చదివాకే వినాలి. పాఠకులు అడుగుతుంటే రచయితే జవాబిస్తారు, ముగింపు ముందే తెలిసిపోవచ్చు.

అరగంట ఎపిసోడు 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) నాణ్యతలో సుమారు 29 ఎంబీ. చీపురుపల్లి దగ్గర సిగ్నల్ పోయినా ఆగకూడదంటే ఇంట్లో వైఫై మీదే దించుకోండి. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో వదిలేస్తే ఫోన్ నిండిపోతుంది, విన్నవి చెరిపేసే సెట్టింగూ పెట్టండి. ఇంగ్లిష్ యాస అందకపోతే వేగం 0.8 చేయండి, ఇంకా తగ్గిస్తే గొంతు సాగి మాట మరీ తెలియదు.