నెత్తి మీది పసుపు మచ్చలో బొడిపెలు: లేజర్‌కు 2, కోతకు 4

పుట్టుకతోనే మాడు మీద వెంట్రుకలు మొలవని పసుపుపచ్చ మచ్చ కనిపిస్తే అది చాలావరకు నీవస్ సెబేషియస్, అంటే నూనె గ్రంథులు ఎక్కువగా ఉన్న పుట్టుమచ్చ. జర్మన్ చర్మవైద్యుడు యాడాసోన్ 1895లో వర్ణించిన మచ్చ ఇది. పసితనంలో చదునుగా ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్లకు నూనె గ్రంథులు ఉబ్బి పులిపిరిలా గరుకెక్కుతుంది. కొందరికి పెద్దయ్యాక అందులోనే కొత్త బొడిపెలు లేస్తాయి. నీలి బూడిద రంగులో గట్టిగా తగిలేది ఎక్కువగా ట్రైకోబ్లాస్టోమా, అంటే వెంట్రుక కుదురు నుంచి పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ. ఎర్రగా, చెమ్మగా ఉండి పక్కు కట్టేది సిరింగోసిస్టడెనోమా, ఇదీ క్యాన్సర్ కాని గడ్డే. తొలగించుకోవడానికి ముఖ్యంగా రెండు దారులు.

కార్బన్ డయాక్సైడ్ లేజర్: 5కి 2. కుట్లు ఉండవు, పని త్వరగా అయిపోతుంది. కానీ అది పైపొరనే కాలుస్తుంది, లోతున ఉన్న గ్రంథులు మిగిలిపోయి మచ్చ మళ్లీ లేస్తుంది. అంతకన్నా పెద్ద లోపం, కాలిపోయిన కండ పరీక్షకు మిగలదు. బొడిపె లేచిన మచ్చకు లేజర్ వాడటం తప్పు. కోస్తే ముఖం వికారమయ్యేంత పెద్ద మచ్చను పలచబరచడానికైతే పనికొస్తుంది.

పూర్తి మందం కోత: 5కి 4. రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఎక్కించాక చర్మం తెల్లబడేదాకా, అంటే 7 నుంచి 10 నిమిషాలు ఆగాలి. తొందరపడితే రక్తం ఆగదు, మాడు మీద మరీను. మచ్చ చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు వదిలి, చర్మం కింది కొవ్వుతో సహా తీస్తారు. కత్తిని వెంట్రుకల వాలుకు సమాంతరంగా వంచి పట్టాలి. నిటారుగా దింపితే అంచున కుదుళ్లు తెగి వెంట్రుకల్లేని గీత వెడల్పవుతుంది. రక్తం ఆపడానికి అంచుల్ని కరెంటుతో ఎక్కువగా మాడ్చినా అదే నష్టం. వెడల్పు 3 సెంటీమీటర్లు దాటితే మాడు తోలు సాగక అంచులు కలవడం కష్టం. అప్పుడు విడతలుగా కోయాలి, లేదా ముందుగా చర్మం కింద ఎక్స్‌పాండర్ అనే బుడగ పెట్టి తోలు సాగదీయాలి. కుట్లు 7 నుంచి 14 రోజుల్లో తీస్తారు. గీత మీద వెంట్రుకలు రావు, ఒక మార్కు తగ్గించింది అందుకే.

తీసిన ముక్క మొత్తం ఫార్మాలిన్ సీసాలో పాథాలజీకి వెళ్లిందో లేదో అడిగి తీరాలి. పైపైన గీకిన చిన్న ముక్కలో ట్రైకోబ్లాస్టోమా, బేసల్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. పాత లెక్కల్లో క్యాన్సర్ ఎక్కువగా కనిపించడానికి ఈ పొరపాటు ఒక కారణం. 2000లో అచ్చయిన 596 కేసుల పరిశీలనలో బేసల్ సెల్ క్యాన్సర్ 0.8 శాతమే. అందుకే నున్నటి మచ్చ ఉన్న పసిపిల్లకు హడావుడిగా మత్తిచ్చి కోయమనే సలహాకు మా మద్దతు లేదు. ఫొటోలు తీసి పోల్చుకుంటూ, లోకల్ మత్తుకు ఓర్చుకునే వయసు వరకు ఆగవచ్చు. కొత్త బొడిపె, పుండు, రక్తం, ఉన్నట్టుండి పెరుగుదల, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఆగకూడదు.