వాహనాల మధ్య ఎన్‌ఎఫ్‌డీ: నిల్వ బాగుంది, దారి చూపడం సగమే

మూడు కార్లలో చిన్న కంప్యూటర్లు పెట్టి, వాటి మధ్య ఎడ్‌హాక్ వైఫై (రూటర్ లేకుండా నేరుగా కలిసేది) మీద ఎన్‌ఎఫ్‌డీ అనే ఫార్వర్డర్‌ను, అంటే ప్యాకెట్లను ముందుకు పంపే సాఫ్ట్‌వేర్‌ను, కొన్ని వారాలుగా నడుపుతున్నాను. నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్ కోసం 2014 నుంచి ఉచితంగా లభిస్తున్న ఈ సాఫ్ట్‌వేర్‌లో చిరునామాల ప్రసక్తి ఉండదు. కావలసిన సమాచారం పేరుతో ఇంట్రెస్ట్ ప్యాకెట్ పంపితే, అది తన దగ్గరున్న ఏ వాహనమైనా జవాబివ్వవచ్చు. గంటకు 108 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు కార్లకు, రేడియో 300 మీటర్లు అందుతుందనుకున్నా, మాట్లాడుకోవడానికి దక్కేది 10 సెకన్లే కనుక ఈ పద్ధతి అక్కరకొస్తుంది.

మొదటి రోజు మాత్రం మధ్య కారు మౌనం వహించింది. ముందు కారు అడిగినది మధ్య కారు లాగ్‌లో కనిపిస్తోంది, వెనక కారుకు మాత్రం చేరడం లేదు. వచ్చిన ఫేస్ (ప్యాకెట్లు వచ్చిపోయే ద్వారం) మీదుగానే ఇంట్రెస్ట్‌ను తిరిగి పంపకూడదన్న నియమమే అందుకు కారణం. తీగల నెట్‌వర్కులో అది సబబే కానీ, ఒకే రేడియో ఉన్న కారుకు రావడానికైనా పోవడానికైనా ఉన్నది ఆ ఒక్క ఫేసే. లింకు రకాన్ని ఎడ్‌హాక్‌గా మార్చగానే పని జరిగింది. కాన్ఫిగరేషన్ ఫైలును ముందే శ్రద్ధగా చదవకపోవడం నా పొరపాటు.

కాష్ (వచ్చిన డేటాను దాచుకునే చోటు) విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. మామూలు అమరికలో అది 65,536 ప్యాకెట్లను దాచి, చాలాకాలంగా ఎవరూ అడగనివాటిని ముందుగా తీసేస్తుంది. ప్యాకెట్ పరిమితి 8,800 బైట్లు కాబట్టి నిల్వ సుమారు 577 మెగాబైట్ల దాకా పెరగవచ్చు. చిన్న కంప్యూటర్లలో ఈ సంఖ్యను తగ్గించుకోవాలి. తాను అడగకుండా చెవినపడిన డేటాను ఎన్‌ఎఫ్‌డీ మామూలుగా పారేస్తుంది. పక్క కారు కోసం వచ్చినదాన్నీ దాచుకునేలా ఆ విధానాన్ని మార్చాక, రెండోసారి అడిగినవాటికి జవాబు చాలాసార్లు దగ్గరి కారులోనే దొరికింది. అయితే డేటా అసలైనదేనని చూపే డిజిటల్ సంతకాలను ఫార్వర్డర్ తనంతట తాను సరిచూడదు కనుక, ఎవరైనా చెత్తతో కాష్ నింపే అవకాశం కూడా దీనితో వస్తుంది.

దారి చూపడమే బలహీనం. వాహనం ఎక్కడుందో, ఎటు వెళుతోందో లెక్కలోకి తీసుకుని ప్యాకెట్‌ను ఎటు పంపాలో తేల్చే వ్యూహం ఇందులో లేదు. అందరికీ వినిపించేలా పంపుదామంటే, వైఫై మల్టీకాస్ట్‌లో అందినట్టు రసీదు రాదు, పోయిన ఫ్రేమును రేడియో మళ్లీ పంపదు. సీ++ వచ్చినవారు సొంత వ్యూహాన్ని రాసి చేర్చుకోవచ్చు. అంత ఓపిక లేనివారు దీన్ని ఒకటి రెండు అంచెలకే వాడుకోవడం మేలు.