అత్తయ్యగారి కోసం కొన్నవి: కొన్నేళ్ళు వాడాక

మా అత్తయ్యగారికి ఆల్జీమర్స్ అని డాక్టరు తేల్చిన నాటి నుంచి రాజమహేంద్రవరంలోని మా ఇంటికి ఏదో ఒక పార్సిల్ వస్తూనే ఉంది. వచ్చినవాటిలో సగం ఇప్పుడు అటక మీద ఉన్నాయి. మిగతా సగం లేకపోతే మాకు రోజు గడవదు. ఈ రెండు సగాలకూ తేడా ఒక్కటే. వస్తువు పనిచేయడానికి ఆవిడ ఏదైనా గుర్తుపెట్టుకోవలసి వస్తే అది అటకెక్కింది.

అందరూ ముందుగా కొనమనేది, మనిషి ఎక్కడున్నారో మన ఫోనులో చూపే జీపీఎస్ వాచీ. దానికి సిమ్ వేయాలి, ఛార్జింగ్ పెట్టాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆవిడ దాన్ని చేతికి ఉంచుకోవాలి. ఉంచుకోలేదు. "ఎవరిదో పాపం, ఇచ్చేయండి" అని పక్కింటి అమ్మాయికి ఇచ్చేశారు. మరోసారి బియ్యం డబ్బాలో దొరికింది. జబ్బు తొలి దశలో ఉండి, వాచీ పెట్టుకునే అలవాటున్న మనిషికైతే పనికిరావచ్చు. మాకు అంతకన్నా ఉపయోగపడినవాడు మా వీధి దర్జీ. పేరు, రెండు ఫోను నంబర్లు రాసిన గుడ్డముక్కను ప్రతి చీర కొంగు చివరా కుట్టి ఇచ్చాడు. ఆవిడ తప్పిపోయిన రోజున కోటిపల్లి బస్టాండు దగ్గర పూలమ్మే ఆవిడ ఆ నంబరు చూసే మాకు ఫోను చేసింది.

తలుపు అలారానికి మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. తలుపుకు ఒక ముక్క, గుమ్మానికి ఒక ముక్క అంటించాలి. తలుపు తీయగానే మోగుతుంది. అయితే కొనేటప్పుడు గంట విడిగా ఉండే రకమే చూసుకోండి. మొదట కొన్నది గుమ్మంలోనే కీచుమని మోగేది, ఆవిడ హడలిపోయి తలుపు బాదేవారు. ఇప్పటిది మా గదిలో మోగుతుంది, ఆవిడకు వినిపించదు. ఇది ఉంటే బయట తాళం వేయవలసిన అవసరం రాదు. మతి సరిగాలేని మనిషిని ఒంటరిగా లోపల పెట్టి తాళం వేసి వెళ్ళడం, ఇంట్లో గ్యాసు ఉన్నాక, నావల్ల కాని పని.

వారం, తేదీ పెద్ద అక్షరాలతో చూపే డిజిటల్ గడియారం ఇంగ్లీషులో ఉంది. ఆవిడకు తెలుగే వచ్చు. పోనీ అని రోజుకో కాగితం చించే క్యాలెండరు తెస్తే, ఒక్క మధ్యాహ్నంలో దసరా దాటి డిసెంబరుకు వెళ్ళిపోయారు. సాయంత్రం పూట ఆందోళన పెరిగి "మా ఇంటికి వెళ్ళాలి" అనడం తగ్గడానికి గడియారం చేసిందేమీ లేదు. చీకటి పడక ముందే అన్ని గదుల్లో లైట్లు వేసి, ఒక చాట నిండా మునగాకు ఆవిడ ముందు పెడితే, దూస్తూ గంటసేపు ప్రశాంతంగా కూర్చుంటారు. కొత్తది నేర్వలేని మనిషి చేతికి పాత పని మాత్రం ఇంకా వచ్చు.

ఇక మందులు. ముందు ఈ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర రాత్రిపూట ఇచ్చారు. పీడకలలు వస్తే డాక్టరు దాన్ని ఉదయానికి మార్చారు, కలలు తగ్గాయి. 10కి పెంచాక వాంతులు పట్టుకుని, అన్నం ముట్టడం మానేశారు. అప్పుడు ఇదే జబ్బుకు చర్మం మీద అంటించే రివాస్టిగ్మిన్ మందు పట్టీకి మార్చారు. రోజుకు 4.6 మిల్లీగ్రాముల దానితో మొదలుపెట్టి, నాలుగు వారాలు దాటాక 9.5. మాత్రను బుగ్గన దాచి తర్వాత ఉమ్మేసే మనిషికి ఇది వరం. ఆవిడ చెయ్యి అందని చోట, వీపు పైభాగాన అంటించాలి. పాతది తీశాకే కొత్తది వేయాలి. రెండూ ఒంటి మీద ఉంటే మోతాదు మించి ప్రమాదం. వేసిన చోటనే మళ్ళీ 14 రోజుల దాకా వేయకూడదు, అందుకే ఒక కాగితం మీద వీపు బొమ్మ గీసి తేదీలు వేస్తాను. నూనె, పౌడరు తగిలితే అంటదు. గోదావరి జిల్లాల మే నెల చెమటకు ఊడిపోతుంది కూడా. ధర ఎక్కువే. పోయిన జ్ఞాపకాన్ని ఏ మందూ తిరిగి తేలేదు, ఎవరైనా తెస్తుందంటే నమ్మకండి. ఒకటి రెండు రోజుల్లో మనిషి ఉన్నట్టుండి పూర్తిగా మారిపోతే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి. మా ఇంట్లో అలా జరిగినప్పుడు తేలినది మూత్రంలో ఇన్ఫెక్షన్, చికిత్స చేస్తే మామూలు స్థితికి వచ్చారు.

డైపర్లలో నడిచేవాళ్ళకు ప్యాంటు రకం, మంచం పట్టినవాళ్ళకు పక్కన అంటించే రకం. సైజు నడుము కొలత చూసి తీసుకోవాలి. రాత్రి ఆవిడ వాటిని చింపి పోగులు పెట్టేవారు. ముందు జిప్పున్న నైటీని వెనక్కి తిప్పి తొడగడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. దీనికి పైసా ఖర్చు లేదు.

మామయ్యగారి రైల్వే ఉద్యోగం తాలూకు కుటుంబ పింఛను కోసం ఏటా ఆవిడ బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోనులో ముఖం చూపించే పద్ధతిలో కళ్ళు ఆర్పమంటుంది. ఆర్పమంటే ఆవిడ నన్ను చూసి నవ్వుతారు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకునే ఏర్పాటు ఉంది, కాస్త రుసుము కట్టాలి. మాకు అదే కుదిరింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లలో 80 ఏళ్ళు దాటినవారు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. వేలిముద్ర సరిగా పడాలంటే ముందు రోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసి, పొద్దున శుభ్రంగా కడిగి ఉంచండి.